పసుపు కొమ్ముతో మొదలుపెట్టి: మొక్కల్లోని మందు పదార్థాలను పద్ధతిగా పరిశీలించడం ఎలా

పసుపు మీద ప్రాజెక్టు చేస్తానని ఏ ఎమ్మెస్సీ విద్యార్థో, బీఫార్మసీ విద్యార్థో అంటే చుట్టూ ఉన్నవాళ్లు పెదవి విరుస్తారు, దాని మీద ఇంకేం మిగిలిందని. కొత్త విషయం కనిపెట్టాలంటే వాళ్ల మాట నిజమే కావచ్చు. కానీ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మొక్క నాకు తెలియదు. దుగ్గిరాల యార్డులోనో నిజామాబాద్ మార్కెట్లోనో కిలోల లెక్కన దొరుకుతుంది, అందులోని అసలు పదార్థం కంటికి కనిపించే రంగులో ఉంటుంది, పైగా పరిశోధకుణ్ని ఎన్ని రకాలుగా తప్పుదారి పట్టించవచ్చో అన్ని రకాలుగానూ పట్టిస్తుంది. పసుపు దగ్గర జాగ్రత్త నేర్చుకుంటే రేపు నేలవేము, తిప్పతీగ, మునగ ఏది చేతికిచ్చినా తడబడరు.

మొక్క తన రక్షణకో, పురుగుల్ని రప్పించుకోడానికో, ఇంకేదైనా అవసరానికో తయారుచేసుకునే పదార్థాల్లో కొన్ని మన శరీరం మీద కూడా పనిచేస్తాయి. వాటినే జీవక్రియాశీల పదార్థాలంటారు. పసుపులో కుర్కుమిన్, మిరియాల్లో పైపరిన్, నేలవేములో ఆండ్రోగ్రాఫోలైడ్ అలాంటివి. వీటిని పరిశీలించడం అంటే నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకడమే: ఇది నిజంగా ఏ మొక్క, అందులో ఏముంది, ఎంత ఉంది, అది మనిషి శరీరంలో నిజంగా ఏమైనా చేస్తుందా. మన కాలేజీల్లో మొదటి మూడింటినీ గబగబా దాటేసి నాలుగోదాని మీదకి దూకేస్తారు, చివరికి థీసిస్‌లో "యాంటీ క్యాన్సర్ గుణాలు నిరూపించబడినవి" అని రాసేస్తారు. ఆ వాక్యం రాయకుండా ఉండటం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం పని.

1. ముందు ప్రశ్న రాసుకోండి

"పసుపు ఔషధ గుణాల అధ్యయనం" అనేది ప్రశ్న కాదు, బోర్డు మీద రాసే టైటిల్. జవాబు అవుననో కాదనో, లేదా ఒక అంకెగానో రావాలి. ఉదాహరణకు: "ఒకే పొలంలోని కొమ్ములకీ కాయలకీ (గుండ్రటి తల్లి దుంపలకీ) కుర్కుమిన్ శాతంలో తేడా ఉందా?" లేదా "ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపుకీ, పచ్చి దుంపని ముక్కలు చేసి నీడలో ఎండబెట్టినదానికీ తేడా ఎంత?" ఇవి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి, కానీ ఒక సెమిస్టర్‌లో పూర్తవుతాయి, రైతుకి కూడా పనికొస్తాయి. డయాబెటిస్ మీద పనిచేస్తుందా లాంటి ప్రశ్న మీ ల్యాబ్‌లో తేలదు. మీ గైడ్ తేలుతుందని చెప్పినా తేలదు.

2. చదవడం

వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో కుర్కుమిన్ అని కొడితే వేలకొద్దీ వ్యాసాలు వస్తాయి. అన్నీ చదవాల్సిన పని లేదు. ముందుగా 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కుర్కుమిన్ రసాయనశాస్త్రం మీద వచ్చిన సమీక్ష చదవండి. అప్పటికి 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, సరిగ్గా ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి మాత్రతో) పోల్చి చేసిన వాటిలో ఏదీ స్పష్టంగా గెలవలేదన్నది వాళ్ల తీర్పు. దాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా ఉన్నారు, మోకాళ్ల నొప్పుల మీద జరిగిన చిన్న ట్రయల్స్‌లో కాస్త ఉపశమనం కనిపించిందని చెబుతారు. ఇద్దరి వాదనా చదవండి, అప్పుడే మీ ప్రశ్న ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఏ రకం టెస్టులో పెట్టినా "పనిచేస్తోంది" అన్నట్టు కనిపించే అణువులు కొన్ని ఉంటాయి. 2010లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వాటిని గుర్తుపట్టే పద్ధతి ఇచ్చి, వాటికి పెయిన్స్ అని పేరు పెట్టారు. కుర్కుమిన్ ఆ కోవలోదే. రంగు ఉంటుంది, వెలుగు చిమ్ముతుంది, ప్రొటీన్లకు అంటుకుంటుంది, లోహాల్ని పట్టుకుంటుంది, నీటిలో విరిగిపోతుంది. వీటిలో ఏ ఒక్కటైనా టెస్టుని పాడుచేయగలదు.

మొక్క శాస్త్రీయ నామం ఇప్పుడు ఏదిగా చలామణీలో ఉందో క్యూ గార్డెన్స్ వాళ్ల ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్‌లో చూసుకోండి. భారతీయ ఔషధ మొక్కల్లో ఏ పదార్థాలున్నాయో చెన్నై గణిత విజ్ఞాన సంస్థ వాళ్ల ఇంపాట్ డేటాబేస్‌లో దొరుకుతుంది. ఏ వ్యాసాన్నైనా ఆధారంగా పెట్టుకునే ముందు అది ఉపసంహరణకి గురైందేమో చూడండి. కుర్కుమిన్ రంగంలో పేరున్న వ్యాసాలు కూడా కొన్ని వెనక్కి పోయాయి.

3. మొక్క ఏదో తేల్చుకోండి

అందరూ తేలిగ్గా తీసుకునే అడుగు ఇది. మార్కెట్లో పసుపు అని అడిగితే పసుపే ఇస్తారు, నిజమే, కానీ కస్తూరి పసుపు వేరే జాతి, మామిడి అల్లం ఇంకో జాతి, మూడూ కుర్కుమా ప్రజాతిలోవే. పొడి చేశాక ఏది ఏదో చూపుతో చెప్పలేం. తిప్పతీగ విషయంలో ఈ గందరగోళం ఇంకా ప్రమాదకరం: కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు వచ్చినప్పుడు, వాళ్లు తాగింది టినోస్పోరా కార్డిఫోలియా అనే అసలు తిప్పతీగా, లేక దానిలాగే కనిపించే టినోస్పోరా క్రిస్పా అనే వేరే మొక్కా అన్న వాదన పెద్దదే నడిచింది. తాగిన మొక్క నమూనా ఎవరి దగ్గరా దాచి లేకపోతే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

కాబట్టి నమూనా దాచండి. పువ్వుతో, ఆకుతో, దుంపతో ఉన్న మొక్కను తెచ్చి, నొక్కి ఆరబెట్టి, షీటు మీద అతికించి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో రాసి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోట) ఇవ్వాలి. వాళ్లు ఇచ్చే నంబరు మీ థీసిస్‌లో ఉండాలి. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం, ఇలా దగ్గర్లో ఏదుంటే అక్కడికి వెళ్లండి.

పసుపుకి ఇంకో మెలిక ఉంది. యార్డుకొచ్చే పసుపు పచ్చి దుంప కాదు. తవ్వాక ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టినది. రకం, నేల, ఉడికించిన తీరు, ఎన్నాళ్లు నిల్వ ఉందో, అన్నిటినీ బట్టి కుర్కుమిన్ మారుతుంది. మామూలుగా ఎండు పసుపులో 2 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది, మేఘాలయ లకడాంగ్ లాంటివి ఇంకా ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి "మార్కెట్ నుంచి కొన్నాము" అని రాస్తే చాలదు. వీలైతే నేరుగా రైతు దగ్గర, రకం పేరు అడిగి, కనీసం మూడు వేర్వేరు పొలాల నుంచి తీసుకోండి.

షాపులో కొన్న పొడితో మాత్రం పని మొదలుపెట్టకండి. మెటానిల్ యెల్లో అనే రంగు కలుపుతారు. దాన్ని పట్టుకోవడానికి పొడి మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీ రంగు వస్తుంది, అయితే అసలు పసుపుకి కూడా కాస్త వస్తుంది కాబట్టి తర్వాత నీళ్లు పోసి చూడాలి, అసలు పసుపైతే ఆ గులాబీ పోతుంది, కల్తీదైతే నిలుస్తుంది. లెడ్ క్రోమేట్ ఇంకా దారుణం. బంగ్లాదేశ్‌లో కొమ్ములకు మెరుపు కోసం పాలిష్ దగ్గర దాన్ని పూస్తున్న సంగతి, గర్భిణుల రక్తంలోని సీసానికి మూలం అదేనన్న సంగతి 2019లో వచ్చిన పరిశోధనల్లో బయటపడ్డాయి. సీసం ఉన్న నమూనాని కణాల మీద వేసి, చచ్చిపోయాయి కాబట్టి పసుపు క్యాన్సర్ కణాల్ని చంపిందని రాయడం ఎంత ఘోరమో ఆలోచించండి.

4. అనుమతులు, త్వరగా

పొలంలో పండిన పసుపుకి పెద్ద చిక్కుల్లేవు. కానీ నల్లమలలోనో శేషాచలంలోనో అడవి మొక్క తీసుకోవాలంటే అటవీ శాఖ అనుమతి ముందే కావాలి. నమూనాని విదేశీ ల్యాబ్‌కి పంపాలన్నా, పేటెంట్ ఆలోచన ఉన్నా 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో పని పడుతుంది. విదేశంలో ఉన్న బంధువు ల్యాబ్‌లో మెషీన్ ఖాళీగా ఉందని పోస్టులో పంపేయకండి. పసుపు గాయాల్ని మాన్పుతుందని 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చేశారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు ముందు పెట్టి కొట్లాడితే 1997లో రద్దయింది. ఈ చట్టాల వెనక ఉన్నది అలాంటి కథలే.

5. ఎండబెట్టడం, సారం తీయడం

కుర్కుమిన్‌కి వెలుగు పడదు. నీడలో లేదా 40 డిగ్రీల దగ్గర ఓవెన్లో ఎండబెట్టండి, బరువు తగ్గడం ఆగేదాకా తూచండి, పొడి చేసి జల్లించి ముదురు రంగు సీసాలో పెట్టండి. ముదురు సీసా లేకపోతే మామూలు సీసాకి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. పచ్చి దుంప బరువు, ఎండిన బరువు రెండూ రాసుకోండి, తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

సారం తీసేటప్పుడు సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఎంపికే అసలు నిర్ణయం. కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాల్లో, అసిటోన్‌లో బాగా కరుగుతుంది. అంటే కషాయంలో వచ్చేది ఒకటి, ఇథనాల్ సారంలో వచ్చేది ఇంకొకటి. ఇథనాల్ సారం మీద టెస్టులు చేసి "కాబట్టి మన పెద్దల కషాయం గొప్పది" అని ముగించడం నేను ఎన్నో రిపోర్టుల్లో చూశాను. పెద్దల పద్ధతిని పరీక్షించాలంటే పెద్దల పద్ధతిలోనే తీయాలి. నీళ్లలోనైతే నీళ్లలో, పాలలోనైతే పాలలో, నూనెలోనైతే నూనెలో.

50 గ్రాముల పొడితో మొదలుపెడితే సరిపోతుంది. ముందు హెక్సేన్‌తో సాక్స్‌లెట్‌లో (వేడి సాల్వెంట్ పొడిలోంచి మళ్లీ మళ్లీ దిగేలా చేసే గాజు పరికరంలో) తిప్పండి, టర్మరోన్లు ఉన్న సుగంధ తైలం, కొవ్వు అందులోకి వెళ్లిపోతాయి. ఆ తైలాన్ని పారబోయకండి, పక్కన పెట్టండి, దానిదీ ఒక కథ ఉంటుంది. మిగిలిన పొడిని ఆరబెట్టి ఇథనాల్‌తోనో అసిటోన్‌తోనో, పైనుంచి దిగే ద్రవం రంగు తగ్గేదాకా తిప్పండి. హెక్సేన్, అసిటోన్ మంటకి క్షణంలో అంటుకుంటాయి కాబట్టి హీటింగ్ మాంటిల్ తప్ప బర్నర్ వద్దు. తర్వాత రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచండి. సారం బరువుని పొడి బరువుతో భాగించి 100తో హెచ్చిస్తే దిగుబడి శాతం.

సాక్స్‌లెట్ అన్ని మొక్కలకీ పనికిరాదు. గంటల తరబడి వేడి తగులుతుంది. చైనాలో తు యూయూ బృందం మలేరియా మందు కోసం వెతుకుతుంటే వేడి చేసి తీసిన సారాలు ఒకసారి పనిచేసి ఒకసారి చేసేవి కావు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్నాడు, ఉడకబెట్టమనలేదు. ఆ చిన్న సూచన పట్టుకుని ఆవిడ 1971లో తక్కువ వేడిలో ఈథర్‌తో తీసి చూసింది, పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్, 2015 నోబెల్ దానికే. కాబట్టి కొత్త మొక్క అయితే సగం పొడిని వేడితో, సగాన్ని చల్లగా నానబెట్టి తీసి పోల్చండి.

సారం వచ్చాక ఒక చుక్క గాజు పలక మీద వేసి, సున్నపు తేట కలపండి. ఎర్రబడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి రంగు ఇదే, పసుపూ సున్నమూ కలిసి చేసే పని. రసాయనంగా చూస్తే క్షారంలో కుర్కుమిన్ అణువు ప్రోటాన్ వదిలి రంగు మారుతోంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ అదే క్షారంలో ఆ అణువు విరిగిపోవడం కూడా మొదలవుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, 8వ అడుగులో కావాలి.

6. మూడు మచ్చలు

పలుచని పొర క్రొమటోగ్రఫీ, అదే టీఎల్‌సీ, ద్రవం ప్లేటు మీదకి పాకుతూ పదార్థాల్ని మచ్చలుగా విడదీసే పద్ధతి, ఏ డిగ్రీ కాలేజీలోనైనా చేయొచ్చు. సిలికా ప్లేటు, 95 వంతుల క్లోరోఫాం, 5 వంతుల మిథనాల్. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. ప్లేటు మీద పసుపు మచ్చలు మూడు కనిపిస్తాయి, అన్నిటికంటే పైకి వెళ్లేది కుర్కుమిన్, దాని కింద డీమిథాక్సీకుర్కుమిన్, అడుగున బిస్‌డీమిథాక్సీకుర్కుమిన్. 366 నానోమీటర్ల యూవీ కింద మూడూ మెరుస్తాయి. పక్కనే ప్రామాణిక నమూనా చుక్క వేయకుండా "ఇది కుర్కుమిన్" అనకండి.

షాపుల్లో 95 శాతం కుర్కుమిన్ అని అమ్మేది కూడా మామూలుగా ఈ మూడింటి మిశ్రమమే, అందులో అసలు కుర్కుమిన్ నాలుగింట మూడొంతులు, కాస్త అటూఇటూ. చాలా వ్యాసాల్లో ఏది వాడారో స్పష్టంగా ఉండదు.

విడదీయాలంటే సిలికా కాలమ్, అంటే సిలికా నింపిన గాజు గొట్టం. ఒక గ్రాము సారానికి 30 నుంచి 50 గ్రాముల సిలికా, ముందు ఒట్టి క్లోరోఫాం, తర్వాత మిథనాల్ కొద్దికొద్దిగా పెంచుతూ. రంగు పట్టీలు దిగుతుంటే కంటికే కనిపిస్తాయి, అందుకే కాలమ్ నేర్చుకోవడానికి పసుపు మంచిదంటాను, రంగులేని పదార్థంతో మొదటిసారి కాలమ్ వేస్తే చీకట్లో నడిచినట్టే. దిగిన గొట్టాలన్నీ టీఎల్‌సీ చేసి, ఒకేలా ఉన్నవాటిని కలిపి, ఆరబెట్టి, మళ్లీ స్ఫటికాలు కట్టించండి.

అది నిజంగా ఏమిటో చెప్పేది స్పెక్ట్రమ్. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఈ మూడింటి అణుభారాలు 368, 338, 308. ఒక్కో మిథాక్సీ గుంపు పోయినప్పుడల్లా 30 తగ్గుతుంది. అణువులో హైడ్రోజన్లు ఎలా ఉన్నాయో చూపే ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో కుర్కుమిన్‌కి 3.9 పీపీఎం దగ్గర ఆరు ప్రోటాన్ల మిథాక్సీ గీత, 16 హెర్ట్జ్ దూరంలో చీలిన జంట గీతలు కనిపించాలి. ఈ మెషీన్లు మీ దగ్గర లేకపోతే యూనివర్సిటీలో లేదా హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ లాంటి రసాయన పరిశోధన సంస్థలో డబ్బు కట్టి చేయించుకోవచ్చేమో అడగండి. పంపే ముందు నమూనా టీఎల్‌సీలో ఒకే మచ్చగా ఉందో లేదో చూసుకోండి, మురికి నమూనాకి డబ్బు తగలేయడం ఎందుకు.

7. ఎంత ఉందో కొలవడం

స్పెక్ట్రోఫొటోమీటర్లో 425 నానోమీటర్ల దగ్గర కొలిస్తే మూడు కుర్కుమినాయిడ్లూ (పైన చూసిన మూడు మచ్చల పదార్థాలూ) కలిపి ఎంతో వస్తుంది. చౌక, త్వరగా అయిపోతుంది, రైతు నమూనాల్ని పోల్చడానికి చాలు. కానీ కల్తీగా కలిపిన రంగు కూడా ఆ లెక్కలోనే కలిసిపోతుంది. విడివిడిగా కావాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే మెషీన్: సీ-18 కాలమ్, ఎసిటోనైట్రైల్‌తో కొంచెం ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లు, అదే 425. ఇక్కడ వరుస తిరగబడుతుంది, టీఎల్‌సీలో అడుగున ఉన్నది ముందు వస్తుంది, కుర్కుమిన్ చివర వస్తుంది. అలా వస్తే కంగారుపడకండి, కాలమ్ స్వభావం వేరు. ప్రామాణిక నమూనాతో కనీసం ఐదు గాఢతల దగ్గర గీత గీసి, మీ నమూనా ఆ గీత మధ్యలో పడేలా పలచన చేయండి. గీత బయట పడిన అంకె మీద నమ్మకం పెట్టుకోవద్దు.

8. టెస్టులు: ఇక్కడే అందరూ బోల్తా పడేది

మన దగ్గర ప్రతి ప్రాజెక్టులోనూ డీపీపీహెచ్ అనే యాంటీఆక్సిడెంట్ టెస్టు ఉంటుంది. ఊదారంగు ద్రావణం, యాంటీఆక్సిడెంట్ తగిలితే రంగు తగ్గుతుంది, 517 దగ్గర కొలుస్తారు. సులువే. అయితే మీ సారానికి సొంత రంగు ఉంది, అది కూడా కొంత వెలుగుని మింగుతుంది. అందుకే డీపీపీహెచ్ లేకుండా ఒట్టి సారం ఉన్న గొట్టాన్ని కూడా ప్రతి గాఢత దగ్గరా చదివి, తీసేయాలి. ఫోలిన్ టెస్టుకీ ఇలాంటి పరిమితే ఉంది, ఫీనాల్స్‌ని మాత్రమే కొలుస్తుందనుకుంటాం గానీ విటమిన్ సీ, కొన్ని చక్కెరలు కూడా రంగు తెప్పిస్తాయి.

అంతకంటే పెద్ద విషయం: గొట్టంలో యాంటీఆక్సిడెంట్ అయినంత మాత్రాన ఒంట్లో మేలు చేస్తుందని లేదు. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాలకి ఓరాక్ అనే యాంటీఆక్సిడెంట్ మార్కుల పట్టిక పెట్టి, 2012లో తానే దాన్ని తీసేసింది, ఆ మార్కులకీ ఆరోగ్యానికీ సంబంధం చూపలేమని, కంపెనీలు వాటిని ప్రకటనలకి వాడుకుంటున్నాయని. మనం ఇంకా డీపీపీహెచ్ మార్కుతోనే థీసిస్ ముగిస్తున్నాం.

ఇక కణాల టెస్టు, ఎంటీటీ. బతికున్న కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదారంగుగా మారుస్తాయి, ఎంత ఊదా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు. మొక్కల ఫీనాల్స్ చాలావాటికి కణాలతో పని లేకుండానే ఆ మార్పు చేసే శక్తి ఉంది. అంటే కణాలు చచ్చినా బతికినట్టు కనిపిస్తుంది. కణాలు లేని వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) సారం, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. ఊదారంగు వచ్చిందంటే మీ ఫలితాలు చెల్లవు, ఎంటీటీ వేసే ముందు కణాల్ని కడగాలి, లేదా వేరే టెస్టుకి మారాలి. ఆకుపచ్చ వెలుగు కొలిచే ఫ్లో సైటోమెట్రీ చేస్తుంటే కుర్కుమిన్ తనంతట తానే వెలుగుతుందని మరిచిపోవద్దు.

ఇప్పుడు పారాణి దగ్గర చెప్పింది గుర్తు తెచ్చుకోండి. కణాలు పెంచే ద్రావణం క్షారం వైపు కొంచెం మొగ్గి ఉంటుంది. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో 37 డిగ్రీల దగ్గర, సీరం (కణాల కోసం కలిపే రక్తద్రవం) లేని ద్రావణంలో కుర్కుమిన్ అరగంటలో 90 శాతం విరిగిపోయింది. సీరం ఉంటే బాగానే నిలబడింది, గంటకి 20 శాతం లోపే పోయింది. మీరు 24 గంటలు ఉంచి కొలిచింది కుర్కుమిన్ ప్రభావమా, దాని ముక్కల ప్రభావమా? హెచ్‌పీఎల్‌సీ చేతిలో ఉంటే సున్నా గంట, ఒక గంట, 24 గంటల దగ్గర ద్రావణాన్ని తీసి ఎంత మిగిలిందో చూడండి. చిన్న పని, కానీ మీ రిపోర్టు విలువ అమాంతం పెరుగుతుంది.

ఒకే రోజు, ఒకే ప్లేటులో, మూడు వెల్స్‌లో చేస్తే అది మూడు ప్రయోగాలు కాదు, ఒకటే. వేరే రోజు, వేరే కణాల బ్యాచ్‌తో మళ్లీ చేయాలి. సారాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ మాత్రమే వేసిన వెల్స్, బాగా తెలిసిన మందు వేసిన వెల్స్ ప్రతిసారీ ఉండాలి. క్యాన్సర్ కణాలతోపాటు మామూలు కణాల మీదా వేయండి. రెండూ ఒకేలా చస్తే మీరు కనిపెట్టింది మందు కాదు, విషం.

9. మోతాదు లెక్క, పది నిమిషాల పని

ఇది నేను ప్రతి విద్యార్థి చేతా కాగితం మీద చేయించే లెక్క, వైవాలో కూడా ఇదే అడుగుతాను. మీ టెస్టులో 10 మైక్రోమోలార్ (లీటరులో ఉన్న అణువుల సంఖ్యని బట్టి చెప్పే గాఢత) దగ్గర సగం కణాలు చచ్చాయనుకుందాం. కుర్కుమిన్ అణుభారం 368, కాబట్టి అది మిల్లీలీటరుకి 3,680 నానోగ్రాములు. ఇప్పుడు మనిషి రక్తంలో ఎంత చేరుతుందో చూడండి. టెక్సస్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో పాంక్రియాస్ క్యాన్సర్ రోగులకి రోజుకి 8 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూశారు, 2008లో ఫలితాలు వచ్చాయి. రక్తంలో కనిపించింది మిల్లీలీటరుకి 22 నుంచి 41 నానోగ్రాములు, అదీ ఎక్కువగా కాలేయం, పేగు మార్చేసిన రూపంలో. మీ టెస్టు గాఢతకీ దానికీ దాదాపు వంద రెట్ల తేడా.

ఆ 8 గ్రాముల్ని వంటింటి లెక్కలోకి మార్చండి. పసుపులో 3 శాతం కుర్కుమిన్ అనుకుంటే 8 గ్రాముల కోసం రోజుకి పావుకిలో దాటి పసుపు తినాలి. పప్పులో వేసే చెంచా, సుమారు 3 గ్రాములు, అందులో 90 మిల్లీగ్రాములు. చారులో పసుపు వేసుకుంటే క్యాన్సర్ రాదని వాట్సాప్‌లో వచ్చినప్పుడు నేను ఈ లెక్కే పంపిస్తాను, సాధారణంగా అటునుంచి జవాబు రాదు.

మిరియాలు కలిపితే ఒంటికి పడుతుందంటారు కదా, దానికి ఆధారం 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నుంచి వచ్చిన అధ్యయనం. 2 గ్రాముల కుర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే మనుషుల్లో శోషణ 2,000 శాతం పెరిగిందని చెప్పింది. అంకె ఘనంగా ఉంది, కానీ మొదట ఉన్నదే దాదాపు లేనట్టు, దానికి 20 రెట్లు అన్నమాట. పైగా పైపరిన్ చేసేది కాలేయం, పేగు మందుల్ని వదిలించుకునే దారిని అడ్డుకోవడం. ఆ అడ్డు మీరు వేసుకునే మిగతా మందులకీ పడుతుంది. ఫెనిటోయిన్, ప్రొప్రనొలాల్ లాంటివి రక్తంలో పెరుగుతాయని తెలుసు. బీపీకో, ఫిట్స్‌కో, రక్తం పలచబడటానికో మందు వాడేవాళ్లు పైపరిన్ కలిపిన మాత్రలు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

10. జంతువులు, మనుషులు

ఎలుకల మీద చేయాలంటే మీ సంస్థలో జంతు నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి. మోతాదు మార్చేటప్పుడు ఎలుక కిలోకి ఎంత అయితే మనిషి కిలోకీ అంతే అనుకోవద్దు. చిట్టెలుకకి కిలోకి 200 మిల్లీగ్రాములు అంటే, శరీర ఉపరితలం ప్రకారం 0.081తో హెచ్చిస్తే మనిషికి కిలోకి 16, అరవై కిలోల మనిషికి సుమారు ఒక గ్రాము. కడుపులోకి సూది మందుగా ఇచ్చిన అధ్యయనాన్ని నోటితో తీసుకునేదానికి సాక్ష్యంగా వాడకండి. జంతు ప్రయోగాల గురించి నేను ఇంతకంటే చెప్పను, మీ ప్రశ్నకి అవసరం లేకపోతే చేయకండి.

మనుషుల మీద అధ్యయనాల్ని మీరు చేయకపోయినా చదవగలగాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 1992లో ప్రచురించిన ఒకటి తీసుకోండి. చాలాకాలంగా పొగతాగే 16 మందికి నెల రోజులు రోజుకి ఒకటిన్నర గ్రాముల పసుపు ఇస్తే, మూత్రంలో జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు తగ్గాయి. మోతాదు మామూలు మనిషి తినగలిగేది, అందుకే నాకీ అధ్యయనం అంటే ఇష్టం. కానీ కొలిచింది మూత్రంలోని సూచిక, క్యాన్సర్ కాదు, ఉన్నది 16 మంది. "సూచిక తగ్గింది" అని రాయొచ్చు, "క్యాన్సర్‌ని ఆపుతుంది" అని రాయకూడదు.

ఏ ట్రయల్ చదివినా ఇవి అడగండి: ప్లాసిబో ఉందా, ఎవరికి ఏది ఇచ్చారో ఎవరికీ తెలియకుండా ఉంచగలిగారా (పసుపు మాత్ర నాలుక మీద రంగు వేస్తే అందరికీ తెలిసిపోతుంది), డబ్బు ఎవరిచ్చారు, ముందే చెప్పిన ఫలితాన్నే కొలిచారా లేక చివర్లో బాగున్నదాన్ని ఏరుకున్నారా. మన దేశంలో 2009 నుంచి క్లినికల్ ట్రయల్స్‌ని సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందుగా నమోదు చేయడం తప్పనిసరి, అక్కడికి వెళ్లి మొదట ఏం రాశారో, వ్యాసంలో ఏం రాశారో పక్కపక్కన పెట్టి చూడండి. బాగా కాలక్షేపం అవుతుంది కూడా.

హాని గురించి కూడా అంతే శ్రద్ధగా వెతకండి. 2022లో అమెరికా కాలేయ నిపుణుల బృందం పసుపు సప్లిమెంట్ల తర్వాత కాలేయం దెబ్బతిన్న 10 మంది గురించి రాసింది. వాళ్లలో 7గురికి ఒకే జన్యు రకం ఉంది, కొన్ని మాత్రల్లో పైపరిన్ కూడా దొరికింది. కూరలో పసుపుకి భయపడమని కాదు నేను చెప్పేది. చెంచా పసుపు వేరు, శోషణ పెంచిన గాఢమైన మాత్ర వేరు, ఒకదాని భద్రతని ఇంకోదానికి అంటగట్టడం కుదరదు.

11. రాసేటప్పుడు

ఏ నమూనా, హెర్బేరియం నంబరు, ఏ సాల్వెంట్, దిగుబడి, కుర్కుమిన్ శాతం, టెస్టు గాఢత మైక్రోమోలార్లలో, ఎన్నిసార్లు విడిగా చేశారు: ఇవి లేకుండా ఫలితం రాయకండి. సారాన్ని పరీక్షిస్తే "సారం" అనే రాయండి, అందులో కుర్కుమిన్ ఉందని తెలుసు కాబట్టి ఫలితాన్ని కుర్కుమిన్ ఖాతాలో వేయకండి. సారంలో ఇంకా టర్మరోన్లున్నాయి, పేరు తెలియనివి ఎన్నో ఉన్నాయి. శుద్ధ పదార్థాన్ని, సారాన్ని, తైలాన్ని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కోసారి తైలమే ఎక్కువ పనిచేసినట్టు తేలుతుంది, హెక్సేన్ భాగాన్ని పారబోయవద్దన్నది అందుకే. పని చేయని ఫలితాన్ని కూడా రాయండి, పట్టికలోనైనా పెట్టండి.

మందు దాకా తీసుకెళ్లాలన్న ఆశ ఉంటే ఇంకో దారి తెలుసుకోండి. 2015 నుంచి మన ఔషధ నియమాల్లో ఫైటోఫార్మాస్యూటికల్ అనే విభాగం ఉంది. అందులో శుద్ధి చేసి ప్రమాణీకరించిన మొక్క సారానికి, కనీసం నాలుగు క్రియాశీల పదార్థాల్ని గుర్తించి కొలిచి చూపిస్తే, మామూలు మందులాగే ట్రయల్స్ నడిపి అనుమతి అడగొచ్చు. ఒకే అణువుగా విడదీయాల్సిన పని లేదు. పసుపులో మూడు కుర్కుమినాయిడ్లు, ఒక టర్మరోన్, లెక్క నాలుగుకి సరిపోతుంది. అయితే ఆ నాలుగూ ప్రతి బ్యాచ్‌లో ఒకే పరిమాణంలో ఉన్నాయని చూపించాలి, అంటే మళ్లీ పొలం, రకం, ఉడకబెట్టిన తీరు దగ్గరికే వెళ్లాలి. మీ ప్రాజెక్టులో పక్కన పెట్టిన సీసాల మీద రకం పేరు, సేకరించిన తేదీ చెరిగిపోని ఇంకుతో రాయండి, ఫ్రీజర్‌లో పెట్టండి, తర్వాత వచ్చే బ్యాచ్ విద్యార్థికి ఎక్కడున్నాయో చెప్పి వెళ్లండి.